బెలీజ్ గుహలో ఒక సీజన్: పర్మిట్ నుంచి బొగ్గు తేదీల దాకా

మధ్య అమెరికాలోని చిన్న దేశం బెలీజ్‌కు పశ్చిమాన, కాయో జిల్లాలో, ప్రాచీన మాయా జనం పూజలు చేసుకున్న ఒక గుహను సర్వే చేసిన బృందంలో పనిచేసి వచ్చాను. ఇలాంటి బృందాల్లో చేరాలంటే ఏం చేయాలి, లోపల అసలు ఏం జరుగుతుంది అని అమెరికాలో ఆంత్రోపాలజీ, జియాలజీ చదువుతున్న మన విద్యార్థులు కొందరు అడుగుతున్నారు. అందుకే మొదటి కాగితం నుంచి చివరి ఫలితం దాకా వరసగా రాస్తున్నాను. గుహ పేరు, దారి మాత్రం చెప్పను. కుండలు ఎత్తుకెళ్లి అమ్ముకునేవాళ్ల భయం వల్ల, అచ్చయ్యే మ్యాపుల్లో కూడా ముఖద్వారం ఎక్కడుందో తెలిసే అంకెలు తీసేస్తారు. గ్వాటెమాలాలోని నాహ్ తునిచ్ గుహలో పన్నెండు వందల ఏళ్లపాటు చెక్కుచెదరకుండా నిలిచిన బొమ్మలను 1989లో ఎవరో చెరిపి పాడుచేశారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ గుహ చిరునామా నోరుజారరు.

సీజన్ మే నెలలో. కాగితాల పని అంతకుముందు నవంబరులోనే మొదలైంది. బెలీజ్‌లో పురాతన వస్తువు ఎవరి పొలంలో దొరికినా అది ప్రభుత్వానిదే. పరిశోధనకు అనుమతి ఇచ్చేది బెల్మోపాన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కియాలజీ. పర్మిట్ ప్రాజెక్టు డైరెక్టర్ పేరు మీద వస్తుంది, మిగతావాళ్లం దాని కింద పనిచేస్తాం. మన కాలి కింద ఒక కుండ పెంకు పగిలినా జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే. దరఖాస్తుతో పాటు బృందంలో ఒక్కొక్కరి బయోడేటా, బడ్జెట్, ఎక్కడ తవ్వుతారు, ఎంత తవ్వుతారు, దొరికినవి ఎక్కడ భద్రపరుస్తారు అన్నీ రాయాలి. భూమి ప్రైవేటుదైతే యజమాని ఒప్పుకోలు, రిజర్వ్ అడవిలో ఉంటే అటవీశాఖ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. సంతకం పడిన పర్మిట్ చేతికి వచ్చేదాకా గుహలో ఒక కొలత కూడా తీసుకోకూడదు. విమానం టికెట్లు మాత్రం ఆలోపే కొనాలి, లేకపోతే ధర రెట్టింపవుతుంది. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.

దరఖాస్తులో అన్నిటికంటే బరువైన భాగం ప్రశ్న. గుహలో ఏముందో చూస్తాం అంటే చాలదు. మా ప్రశ్న ఇది: ఈ గుహకు జనం రాక క్రీ.శ. 8, 9 శతాబ్దాల్లో పెరిగిందా? పెరిగితే ఏ గదుల్లో? దీని వెనక ఒక వాదన ఉంది. ఇదే జిల్లాలోని చెచెమ్ హా గుహలో దొరికిన ఆధారాలతో హోలీ మోయెస్, హైమే ఆవే, మరికొందరు పురావస్తు పరిశోధకులు 2009లో ఒక ప్రతిపాదన చేశారు. లేట్ క్లాసిక్ కాలం (సుమారు క్రీ.శ. 600 నుంచి 900 దాకా) చివర్లో కరువులు ముదిరినప్పుడు వానదేవుడు చాక్‌ను వేడుకోవడానికి జనం గుహల్లోకి మరింతగా వెళ్లారని, బానలు తెచ్చి వదిలారని వాళ్లు అంటారు. దక్షిణ బెలీజ్‌లోని యోక్ బాలుమ్ గుహ స్టాలగ్మైట్ (నీటి చుక్కలతో నేల నుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభం) నుంచి 2012లో బయటపడ్డ వానల లెక్క కూడా 660 నుంచి 1000 దాకా వాతావరణం క్రమంగా ఎండుతూ పోయిందని చూపింది. ఈ వాదన ఇంకో గుహలో నిలుస్తుందో లేదో చూడాలంటే ఏ పెంకు ఏ రాతి పక్కన ఉంది, ఏ బొగ్గు ముక్క ఏ పొర కింద ఉంది అన్నది సెంటీమీటర్లలో తెలియాలి. సీజనంతా మేం చేసింది ఆ పనే.

మే నెలే ఎందుకంటే, జూన్ నుంచి వానలు. గుహలో వాగు పారుతుంది. యూనివర్సిటీ సెలవులు మేలో మొదలవుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న ఆ కొన్ని వారాల కోసం అన్ని ప్రాజెక్టులూ ఒకేసారి దిగుతాయి కాబట్టి జీపులు, అద్దె ఇళ్లు, అనుభవమున్న స్థానిక పనివాళ్లు ముందే బుక్ అయిపోతారు. ఫిబ్రవరిలోపు మాట్లాడుకోవాలి.

డబ్బు సంగతి. విద్యార్థిగా ఫీల్డ్ స్కూల్‌లో (చోటు దగ్గరే పని నేర్పే శిక్షణలో) చేరితే ఫీజు వేల డాలర్లలో ఉంటుంది, విమానం ఖర్చు అందులో కలవదు. బెలీజ్ డాలర్ రెండైతే అమెరికా డాలర్ ఒకటి. దుకాణాల్లో రెండూ తీసుకుంటారు. ధర చెప్పినప్పుడు ఏ డాలరో అడగకపోతే టాక్సీ దగ్గరే రెట్టింపు కట్టేస్తారు. ఎవరూ చెప్పని మరో ఖర్చు రేబిస్ టీకా. గబ్బిలాలుండే గుహల్లో పనికి ముందే వేయించుకోవాలి. ఇన్సూరెన్స్ ఒప్పుకోకపోతే అమెరికాలో దీనికి వెయ్యి డాలర్లు దాటవచ్చు. అదే టీకా ఇండియాలో డోసు కొన్ని వందల రూపాయలు. శీతాకాలం సెలవులకు ఇంటికి వెళ్లేవాళ్లు అక్కడే వేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం మేలు.

ఆరోగ్యం విషయంలో ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఎండిన గబ్బిలాల రెట్టలో హిస్టోప్లాస్మా అనే ఫంగస్ ఉంటుంది. దుమ్ము లేచే పొడి గదుల్లో ఎన్95 మాస్కు తీయకూడదు. ఉక్కపోతలో మాస్కు పెట్టుకుని పాకడం నిజంగా ఊపిరాడనట్టే ఉంటుంది, అయినా తీయకూడదు. జబ్బు లక్షణాలు 3 నుంచి 17 రోజుల్లో మొదలవుతాయి. అంటే కొందరికి ఇంటికి వెళ్లాకే జ్వరం, దగ్గు వస్తాయి. ఎక్స్‌రేలో అది టీబీలా కనిపించవచ్చు. మన ఊళ్లో డాక్టరు ముందుగా టీబీ మందులే ఆలోచిస్తారు. గబ్బిలాల గుహలో పనిచేసి వచ్చానని మొదటి మాటగా చెప్పాలి.

సామాను విషయానికొస్తే, హెల్మెట్, వేర్వేరుగా పనిచేసే మూడు దీపాలు, మోకాళ్ల ప్యాడ్లు, నీళ్లు బయటికి కారిపోయే బూట్లు, డ్రై బ్యాగు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. లోపల తిండి తినం. ఒక్క మొక్కజొన్న చిప్స్ ముక్క నేలమీద పడినా, ప్రాచీన మొక్కజొన్న అవశేషాల కోసం ఆ మట్టి జల్లెడ పట్టేవాళ్లకు తలనొప్పి. మూత్రానికి మూత గట్టిగా పట్టే సీసా తీసుకెళ్లి బయటికి తెచ్చెయ్యాలి. రాసుకోవడానికి నీళ్లకు తడవని కాగితం, మామూలు పెన్సిల్. ఆ తేమలో పెన్నులు పనిచేయవు.

గుహ దగ్గర మొదటిరోజు పనిముట్లు తెరవలేదు. బృందంలో టొలీడో జిల్లా నుంచి వచ్చిన కెక్చి మాయా పెద్దాయన ఒకరున్నారు. ఆయన ముఖద్వారం బయట కోపల్ అనే చెట్టు జిగురుతో ధూపం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, ఆ కొండకూ లోయకూ అధిపతి అయిన త్సూల్తకాను అనుమతి అడిగారు. ఆయన ముగించేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. గుడి గడప దగ్గర మనం ఆగినట్టే అక్కడా ఆగాం. ధూపం వేసిన చోటును ఆయనే ఎంచారు, మేం దాన్ని మ్యాపులో గుర్తు పెట్టుకున్నాం. ఈనాటి బొగ్గు, మైనం అక్కడివే అని రేపు వచ్చేవాళ్లకు తెలియాలి కదా. ఆ పూజ కూడా ఈ గుహ వాడకం చరిత్రలో భాగమే.

తర్వాత దారి వేయడం. వాగు దాటి, నడుము లోతు నీళ్లలో కొంత దూరం వెళ్లి, రాళ్లు కూలిన గుట్ట ఎక్కితే పొడి గదులు వస్తాయి. లోపల దాదాపు 23 డిగ్రీలు. నడిచేటప్పుడు చెమట కారుతుంది. తడిసిన బట్టలతో కదలకుండా కూర్చుని బొమ్మ గీసేవాళ్లకు మాత్రం గంట తిరిగేసరికి వణుకు మొదలవుతుంది. ఇంకో పొడి చొక్కా వెంట ఉండాలి. గదుల అంచున రంగు రిబ్బన్లు కట్టి, అందరూ ఒకే బాటలో ఒకరి అడుగులో ఒకరు వేయాలి. కుండలున్న నేలమీద బూట్లు విప్పి సాక్సులతో నడుస్తాం. బూటు అంచుకు తెలియనిది పాదానికి తెలుస్తుంది. కాలి కింద ఉన్నది సున్నపు పొర కట్టిన పెంకో రాయో సాక్సులుంటే బరువు వేయకముందే అర్థమవుతుంది. చేరడానికీ తిరిగి రావడానికీ పోయే సమయం తీసేస్తే, పనికి దొరికేది రోజుకు నాలుగు గంటలు, మహా అయితే ఐదు.

మ్యాపు కొలతలు డిస్టోఎక్స్ అనే లేజర్ పరికరంతో తీశాం. దూరం, దిక్కు, వాలు మూడూ ఒకేసారి కొలిచి బ్లూటూత్ ద్వారా ఫోన్‌లోని టోపోడ్రాయిడ్ యాప్‌కు పంపుతుంది. దీనికి ముందు కాలిబ్రేషన్ చేయాలి, అంటే పరికరం సరిగ్గా చూపేలా సరిచేసుకోవాలి: 14 దిక్కుల్లో, ఒక్కో దిక్కులో పరికరాన్ని నాలుగు రకాలుగా తిప్పి, మొత్తం 56 రీడింగులు. జీపు దగ్గరో ఇనుప కంచె దగ్గరో చేస్తే లోపలి దిక్సూచి దారి తప్పి లెక్క మొత్తం తప్పుతుంది. లోపల కూడా హెల్మెట్ దీపం బ్యాటరీ, జేబులో కత్తి, కళ్లద్దాల ఫ్రేము పరికరాన్ని తప్పుదారి పట్టిస్తాయి. కొలిచేవాళ్లు తల దూరంగా పెట్టాలి. ఒక స్టేషన్ (గుర్తు పెట్టిన కొలత బిందువు) నుంచి ఇంకో స్టేషన్‌కు మూడుసార్లు లేజర్ కొడతాం, మూడూ కలిస్తేనే యాప్ దాన్ని స్టేషన్ల మధ్య గీతగా తీసుకుంటుంది. ఒక్కసారి కొట్టినవి గోడ ఆకారం కోసం. స్టేషన్ స్థానం పది సెంటీమీటర్లలోపు, కోణం ఒక డిగ్రీలోపు తేడాతో రావాలి.

అంకెలు తీయడం త్వరగానే అయిపోతుంది. ఆలస్యమయ్యేది బొమ్మ దగ్గర. నేలలో ప్రతి మెట్టు, నీటి మడుగు చుట్టూ కట్టిన సున్నపు కట్ట, కూలిన బండ, గూడు, అన్నీ 1:100 స్కేలులో చేత్తో గీయాలి. లేజర్ స్కానర్ ఉంటే ఇది అక్కర్లేదనుకుంటారు. స్కానర్ ఆకారం ఇస్తుంది. ఈ గీత మనిషి కట్టిన గోడా, సహజంగా కూలిన రాళ్లా అన్నది అక్కడ కూర్చుని చూసిన మనిషే చెప్పగలరు. కొన్ని సన్నటి దారుల్ని మూసిన రాళ్లు చూస్తే సందు సరిపోయేలా ఎంచి పేర్చినట్టు తెలుస్తుంది. అలాంటి చోట రాయి కదపకుండా, రాళ్ల మధ్య చిక్కిన మట్టి రంగు, పైన కట్టిన సున్నపు పొర మందం, రాళ్ల కొలతలు అన్నీ రాసుకోవడానికే సగం రోజు పోతుంది. చుట్టూ తిరిగి మొదటి స్టేషన్‌కు వచ్చి లెక్క కలిసిన రోజు (తేడా రెండు శాతంలోపు వచ్చినప్పుడు) బృందమంతా తేలికపడుతుంది. కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంటూ అన్ని స్టేషన్లూ మళ్లీ కొట్టాలి.

ఇక కుండలు. తవ్వకం అనగానే అందరూ ఊహించే చతురస్రపు తాళ్ల గళ్లు ఇక్కడ కుదరవు. స్టాలగ్మైట్ల మధ్య తాడు లాగితే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకని ప్రతి పెంకునూ దగ్గరి స్టేషన్ నుంచి లేజర్‌తో గుర్తించి, నంబరు ఇచ్చి, పది సెంటీమీటర్ల స్కేలు, ఉత్తరం గుర్తు పెట్టి ఫోటో తీస్తాం. అంచు ముక్కా, మెడా, ఒళ్లా, లోపలి వైపు పైకి ఉందా కిందికి ఉందా, సున్నం పొర ఎంత మందం, మసి ఉందా, పక్కన మరే పెంకుతో అతుకుతుందా. ఇవన్నీ ఒక్కో పెంకుకు ఒక వరస. ఆక్టున్ తునిచిల్ ముక్నాల్ గుహ పెద్ద గదిలో మోయెస్ ఇలాగే అన్నిటినీ జీఐఎస్‌లో (ఏది ఎక్కడుందో మ్యాపులో పెట్టి విశ్లేషించే కంప్యూటర్ పద్ధతి) పెట్టి చూసినప్పుడు, వస్తువులు ఇష్టమొచ్చినట్టు పడిలేవని, మడుగులు, గూళ్లు, స్తంభాల వంటి చోట్ల గుంపులుగా ఉన్నాయని తేలింది. పెంకును ఎత్తి సంచిలో వేసుకుని బయటికొచ్చి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఒక బానను దగ్గరగా చూస్తే ఎంత తెలుస్తుందో చెప్తాను. నీటి మడుగు అంచున పక్కకు ఒరిగిన పెద్ద బాన, అడుగున చిటికెన వేలు పట్టేంత రంధ్రం. రంధ్రం అంచులు లోపలి నుంచి బయటికి చెదిరి ఉంటే లోపలి నుంచి పొడిచారని అర్థం. వాడకంలో పగిలిన కుండకు అలాంటి గుండ్రటి రంధ్రం పడదు. పూజ ముగించి దాని ప్రాణం తీసి వదిలారన్నది పరిశోధకుల అభిప్రాయం. బాన లోపల ఒక ఎత్తు దాకా సున్నం గీత ఉంటే, బాన ఒరిగాక నీళ్లు ఆ ఎత్తున చాలాకాలం నిలిచాయని తెలుస్తుంది. గీత నేలకు సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా ఉందంటే సున్నం పట్టిన తర్వాత ఎవరో కదిపారు. కొన్నిచోట్ల కుండే ఉండదు. నేలమీద సున్నంలో గుండ్రటి అచ్చు మాత్రం మిగులుతుంది, మధ్యలో పొర లేని మట్టి. దొంగలు ఎత్తుకుపోయిన కుండ జాగా అది. నాకు ఎముకలు చూసినప్పటికంటే ఆ ఖాళీ వలయాలు చూసినప్పుడే ఎక్కువ బాధ కలిగింది. ఆ అచ్చులకూ నంబరు ఇచ్చి, వ్యాసం కొలిచి రాస్తాం. లేని కుండ కూడా లెక్కలో ఉండాలి.

కుండలతో పాటు సన్నికల్లు, పొత్రం, అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజురాయి) బ్లేడ్లు, మూడు రాళ్ల పొయ్యి, తోక తుంచిన హూటే నత్తగుల్లలు కనిపిస్తాయి. హూటే గుల్లలు కార్బన్ డేటింగ్‌కు (మిగిలిన రేడియోకార్బన్ బట్టి వయసు కట్టే పరీక్షకు) పంపకూడదు. సున్నపురాయి నీళ్లలో పెరిగిన నత్త ఒంట్లో ఆ రాతిలోని పాత కార్బన్ చేరుతుంది కాబట్టి అసలు వయసు కంటే ఎంతో పాతదిగా చూపిస్తుంది.

విరిగిన స్టాలక్టైట్ల (పైకప్పు నుంచి వేలాడే సున్నపు కాడలు) మీద వేరే నోట్‌బుక్కు పెట్టాం. విరిగిన ముక్క కిందే పడి ఉంటే అది సహజంగా విరిగిందనుకోవచ్చు. కింద లేదంటే ఎవరో తీసుకెళ్లారు. మాయా జనం వాటిని విరిచి వేరే గదుల్లో పోగులు పెట్టారు, గుహ బయట కట్టడాలకూ తీసుకెళ్లారు. విరిగిన మొఖం మీద మళ్లీ సున్నం పెరిగి ఉంటే, ఆ కొత్త పెరుగుదల అడుగు పొరకు యురేనియం-థోరియం పద్ధతిలో వయసు కట్టవచ్చు; విరిచింది అంతకంటే ముందే అని తేలుతుంది. నమూనా కోసం గుహను మళ్లీ గాయపరచాలి కాబట్టి మేం ఫోటోలతో, కొలతలతో ఆగాం. డైరెక్టర్ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం.

మనుషుల ఎముకల దగ్గర నియమం ఒక్కటే: ఎముకల నిపుణురాలు తప్ప ఎవరూ దగ్గరికి వెళ్లరు, ఎవరూ తాకరు, ఫోన్లో ఫోటో తీయరు. ఇవి లెక్కకు తక్కువేం కాదు. తునిచిల్ ముక్నాల్‌లో 14 మంది అవశేషాలున్నాయి, మిడ్‌నైట్ టెరర్ గుహలో కనీసం 118 మందివి. తునిచిల్ ముక్నాల్‌లో 2012లో ఒక పర్యాటకుడి చేతిలోంచి కెమెరా జారి పుర్రె మీద పడింది, అప్పటి నుంచి అక్కడ సందర్శకులకు కెమెరాలు నిషేధం. పరిశోధకులకు కెమెరా తప్పదు కాబట్టి దాన్ని రెండు పట్టీలతో ఒంటికి కట్టుకుంటాం, లెన్సులు ఎముకల దగ్గర మార్చం.

ఇప్పుడు బొగ్గు. మా ప్రశ్నకు జవాబు నిజంగా ఇచ్చేది ఇదే. మాయా జనం పైన్ చెక్క దివిటీలతో లోపలికి వచ్చారు. జిగురున్న పైన్ చెక్క బాగా మండుతుంది, నడిచిన దారంతా నిప్పురవ్వలు రాల్చుకుంటూ పోతుంది. ఎక్కడ ఎక్కువమంది, ఎక్కువసేపు గడిపారో అక్కడ బొగ్గు ఎక్కువ. చెచెమ్ హాలో పొరపొరకూ బొగ్గు సాంద్రతనే వాడకానికి కొలమానంగా తీసుకున్నారు. అయితే పైన కనిపించే బొగ్గును నమ్మడం కష్టం. వరద నీళ్లు దాన్ని మోసుకెళ్లి మూలల్లో పోగేస్తాయి. అందుకని సున్నపు పొర కింద చిక్కుకున్నది, కుండ కింద నొక్కుకుపోయినది, చిన్న తవ్వకపు గుంటలో పొర తెలిసి దొరికినది ముందు ఎంచుతాం. స్టీలు చిమటాతో తీసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, ఫాయిల్ బయట రాస్తాం. లోపల కాగితపు చీటీ పెట్టకూడదు, కాగితమూ కార్బనే. దూది, టిష్యూ పేపరు, చేతి నూనె ఏవీ తగలకూడదు. తడి బొగ్గును సంచిలో మూసేస్తే బూజు పడుతుంది. ఆ బూజు ఈనాటి కార్బన్ కలిపేస్తుంది. ఫీల్డ్ ఇంటికి రాగానే ఫాయిల్ తెరిచి నీడలో, దుమ్ము పడకుండా ఆరబెట్టాలి. మా వంటగది పక్కన పొయ్యి ఉండేది కాబట్టి ఆరబెట్టే బల్ల ఇంటికి రెండో చివరకు మార్చాం.

డేటింగ్‌కు ఏఎంఎస్ యంత్రానికి (కార్బన్ అణువులను నేరుగా లెక్కపెట్టేది) కొన్ని మిల్లీగ్రాములు చాలు. ఆమ్లం, క్షారం, మళ్లీ ఆమ్లంతో కడిగేటప్పుడు సగానికి పైగా పోవచ్చు కాబట్టి పది, ఇరవై మిల్లీగ్రాములు పంపడం మంచిది. ముందు కలప నిపుణులు చూడాలి. పెద్ద మాను నడిమి చెక్క అయితే, చెట్టు ఎప్పుడో పెరిగిన కాలపు తేదీ వస్తుంది, మనిషి వెలిగించిన కాలం కాదు. పుల్ల, బెరడు దగ్గరి ముక్క, మొక్కజొన్న కంకి వంటివి అందుకే బంగారం. ఒక్కో తేదీకి వందల డాలర్లు. వందల ముక్కలు తెచ్చినా పంపగలిగేది కొన్నే. ఏవి పంపాలన్న చర్చ మా బృందంలో అన్నిటికంటే ఎక్కువసేపు సాగింది. అందరికీ తమ గది ముఖ్యం.

కుండల త్రీడీ ఫోటోలకు రెండు మాటలు. బయటి నుంచి తెచ్చిన కెమెరా లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది. అరగంట పెట్టెలోనే మూసి ఉంచి, గుహ వేడికి అలవాటయ్యాక తీయాలి. ఫోటో తీసేటప్పుడు అందరి హెల్మెట్ దీపాలూ ఆర్పాలి, లేదంటే నీడలు కదిలి మోడల్ చెదురుతుంది. తడి సున్నం అద్దంలా మెరిసే చోట మోడల్‌లో చిల్లులు పడతాయి. లైటుకూ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు వేస్తే చాలావరకు పోతాయి.

నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బయట ఒకరు ఎప్పుడూ ఆకాశం చూస్తూ ఉంటారు. మనమున్న చోట ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే వాగు పెరుగుతుంది. నీళ్లు రంగు మారడం, ఆకులు, పుల్లలు తేలుతూ రావడం కనిపిస్తే చేతిలో పని అక్కడే వదిలేసి కదలాలి. పరికరం మిగతావాళ్లు తెస్తారులే అని ఆగకూడదు. బయటికి వస్తామని చెప్పిన గంట దాటితే బయటివాళ్లు సాయానికి ఫోన్ చేస్తారు. అందుకని పని ఎంత బాగా సాగుతున్నా ఆ గంటకు రావాల్సిందే. మే చివరి వారంలో ఒకరోజు నీళ్ల రంగు మారగానే బయటికొచ్చేశాం. సాయంత్రానికి దారిలో నడుము లోతున్న చోట తల మునిగే నీళ్లున్నాయి. తర్వాతి వారం గుహ పని ఆపేసి ల్యాబుకు మారాం.

ల్యాబు అంటే అద్దె ఇంటి వరండా. గుంటల్లోంచి తీసిన పెంకుల్ని మెత్తటి బ్రష్‌తో కడగడం, నీడలో ఆరబెట్టడం, చిన్న అక్షరాలతో నంబరు రాయడం. లోపల ఏదైనా అంటుకుని ఉన్నట్టనిపిస్తే ఆ పెంకును కడగకూడదు, అవశేషాల పరీక్షకు అదే ఆధారం. తర్వాత అంచు వ్యాసం చార్టు మీద పెట్టి కొలిచి, రకాలుగా విడదీయడం: కాయో అన్‌స్లిప్డ్, మౌంట్ మలోనీ బ్లాక్, బెలీజ్ రెడ్ అని పేర్లు. ఈ లోయలో మౌంట్ మలోనీ గిన్నెల అంచు ఆకారం కాలంతో మారుతూ వచ్చింది. అంచు ముక్క ఒకటి చేతిలో ఉంటే బొగ్గు తేదీ రాకముందే కొంత అంచనా వస్తుంది.

దేశం దాటించేటప్పుడు మళ్లీ కాగితాలు. బొగ్గు ముక్కకైనా బెలీజ్ ఎగుమతి అనుమతి కావాలి. మట్టి నమూనాకు అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి. అమెరికా, బెలీజ్‌ల మధ్య 2013 నుంచి పురాతన వస్తువుల మీద ఒప్పందం ఉంది, కస్టమ్స్‌వాళ్లు అడుగుతారు. అసలు కాగితాలు చేతి సంచిలో, నకళ్లు పెట్టెలో. నమూనాల జాబితాలో రాసిన సంఖ్యకూ పెట్టెలో ఉన్నదానికీ ఒక్కటి తేడా వచ్చినా మొత్తం ఆగుతుంది.

జూన్ ఆఖరులో నమూనాలు ల్యాబుకు చేరాయి. తేదీలు వచ్చేసరికి అక్టోబరు. ఈ ఎదురుచూపులో చాలామంది ఉత్సాహం చల్లారుతుంది, కానీ రిపోర్టులో ఎక్కువ భాగం రాయాల్సింది అప్పుడే. మ్యాపు శుభ్రంగా గీయడం, పెంకుల పట్టికలు, ఫోటోల పేర్లు. అవి వాయిదా వేస్తే తేదీలు వచ్చాక వాటిని ఎక్కడ అతికించాలో తెలియదు.

తేదీ వచ్చిందంటే ఏడాది తెలిసిందని కాదు. ల్యాబు ఇచ్చిన అంకెను ఇంట్‌కాల్20 వక్రరేఖతో (కార్బన్ అంకెను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే ప్రామాణిక గీత) ఆక్స్‌కాల్ సాఫ్ట్‌వేర్‌లో పోల్చితే, మనకు కావాల్సిన కాలానికి తరచుగా 700 నుంచి 880 దాకా సాగే కాలపు ముద్ద ఒకటి వస్తుంది. ఆ శతాబ్దాల్లో వక్రరేఖ ఎగుడుదిగుడుగా ఉండడమే కారణం. 700 అంటే ఊళ్లు నిండుగా ఉన్న కాలం, 880 అంటే ఎన్నో రాజధానులు ఖాళీ అయిన కాలం. మా ప్రశ్న మొత్తం ఆ తేడా మీదే ఉంది. ఒక్క తేదీతో అది తేలదు. ఒకే గుంటలో కింది పొర, పై పొర, వాటిమీద సున్నపు పొర, ఈ వరస తెలిసిన మూడు, నాలుగు తేదీలను కలిపి లెక్క కడితే విస్తృతి దగ్గరికి వస్తుంది. గుహలో బొగ్గు ముక్క ఏ పొరలో ఉందో రాసిన ఆ ఒక్క పెన్సిల్ వాక్యానికి ఇక్కడ విలువ తెలుస్తుంది. వరస లేని ముక్కలు ఎన్ని పంపినా ఆ ముద్దను కదపలేవు.

మా తేదీల్లో పొర వరస బలంగా ఉన్నవి ఒక్క గదివే. మిగతా గదుల గురించి రిపోర్టులో కుండ రకాల ఆధారంగానే రాశాం. అది తేదీ కాదని స్పష్టంగా చెప్పాం. రిపోర్టు బెల్మోపాన్‌కు వెళ్లింది, అది చేరకపోతే వచ్చే ఏడాది పర్మిట్ రాదు. కొత్త దరఖాస్తులో మడుగు గది పక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంట ఒకటే అడిగాం. అక్కడ బొగ్గు పొరల మధ్య సున్నపు పొరలు రెండు కనిపిస్తున్నాయి. రెంటికీ యురేనియం-థోరియం తేదీలు, మధ్యలోని బొగ్గుకు కార్బన్ తేదీలు వస్తే, రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి సరిచూస్తాయి. బడ్జెట్లో సగం దానికే పెట్టాం.